కత్తి నాది, చెంచా వాడిది

మార్చి 4

నా బంగారుతల్లికి, నుదుటి మీద పది ముద్దులు పెట్టి నాన్న రాసేది.

నేను బతికే ఉన్నాను. బతికి ఉండడమేమిటి, ఏనుగెక్కి ఊరేగుతున్నాను! ముందు ఆ కబురు చెప్పి తర్వాత క్షేమసమాచారాలు రాస్తాను. నిన్న పొద్దున గడ్డానికి నురగ పట్టిస్తుంటే ఏలినవారు నా మణికట్టు పట్టుకుని, "ఒరేయ్, నా గొంతు దగ్గరికి కత్తి పట్టుకుని రాగలిగిన మనిషి ఈ భూమ్మీద నువ్వొక్కడివే మిగిలావురా" అన్నారు. విన్నావా? ముప్ఫయ్యొక్కేళ్ళు ఆ బుగ్గలు గీశాను. కోటలో ఉన్నన్నాళ్ళూ "ఊఁ", "చాలు" తప్ప మూడో మాట ఎరగను. గద్దె పోయాక గానీ నా విలువ ఆయనకు తెలిసిరాలేదు. పాడుమాట అంటున్నానని తిట్టకు, గద్దె పోవడం ఒకందుకు మంచిదే అయింది.

ఆ రోజు జనం కోట తలుపులు విరగ్గొట్టాక ఓడలో పదకొండు రోజులు వచ్చాం. మూడు వందల మంది పనివాళ్ళలో ఏలినవారు వెంట తెచ్చుకున్నది ఆరుగురిని. అందులో మీ నాన్న ఒకడు! ఈ ఊరు రేవు ఊరు. ఇల్లు ఇరుకు, మెట్లు నిటారు, గోడలు చెమ్మ. తల ఆనించుకునే కుర్చీ లేక భోజనాల కుర్చీ వెనక చరిత్ర పుస్తకాలు దొంతరగా పేర్చి ఆయన తల వాటికి ఆనిస్తాను. పై పుస్తకం తీసి ఆయన చదువుతుంటారు, నేను గీస్తుంటాను. ఒక రాజు తన తమ్ముళ్ళందరినీ భోజనానికి పిలిచి తలుపులు బయటినుంచి మూయించాడట. ఇంకొకాయన సవతితల్లిని ఒక దువ్వెన మాత్రం ఇచ్చి దీవికి పంపేశాడట. ఒకాయన అన్నగారిని కోటలో పెట్టి ఆ గదికి కిటికీలు లేకుండా ఇటుకలు పేర్పించాడట. చదివి నవ్వుతారు. "మొరటు మనుషులు. నేనైతే మా అన్నను దేశం దాటించేటప్పుడు చలి అని శాలువా కూడా కప్పాను" అంటారు. ఆ అన్నగారి కొడుకే కదా ఇప్పుడు అక్కడ గద్దెక్కింది. శాలువా సంగతి ఆ అబ్బాయికి ఎవరూ చెప్పినట్టు లేదు.

నీతో కాక ఎవరితో చెప్పుకోను? ఏలినవారి ఎడమ చెవి వెనక, జుట్టు లోపల, చిక్కుడుగింజంత పుట్టుమచ్చ ఉంది. అది నాకూ ఆయన తల్లికీ తప్ప తెలియదు, ఆ తల్లి పోయింది. జుట్టు మొత్తం నెరిసింది, శనివారం శనివారం నేనే నల్లరంగు వేస్తున్నాను. కుడిచెయ్యి వణుకుతోంది, పాపం, గ్లాసు నిలవడం లేదు. అందుకని వంటవాడు, ఆ బానపొట్ట, ప్రతి ముద్దా ముందు వాడు రుచి చూసి, విషం లేదని తేలాక చెంచాతో ఆయనకు తినిపిస్తాడు. ఇక్కడే నా ప్రాణం చివుక్కుమంటోంది. క్షవరం రోజుకు ఒక్కసారి. భోజనం మూడుసార్లు. అంటే వాడు మూడుసార్లు, నేను ఒక్కసారి! గడ్డం మూడుపూటలా పెరిగేటట్టు చేసే మందేదైనా మీ బడిలో చదువుకున్నవాళ్ళకు తెలుసేమో అడుగు.

నీ మొగుణ్ణి అడిగానని చెప్పు.

ఆనందం పట్టలేక చెయ్యి వంకర్లు పోతున్న
నాన్న


మార్చి 19

నాన్నా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో నేను ఎన్నిసార్లు వచ్చానో లెక్కపెట్టాను. రెండుసార్లు. గడ్డం మందు కనుక్కోమన్నప్పుడు ఒకసారి, తిట్టకు అన్నప్పుడు ఒకసారి. మీ ఏలినవారి పుట్టుమచ్చకు మాత్రం ఒక పేరా.

నా ఒంటిమీద పుట్టుమచ్చ ఎక్కడుందో నీకు తెలుసా? నా పెళ్ళిరోజు నువ్వు ఎప్పుడొచ్చావో గుర్తుందా? భోజనాలు అయిపోయి వంటపాత్రలు కడుగుతున్నప్పుడు. ఆ రోజు ఆయనగారికి తలవెంట్రుకలు కత్తిరించాలి కదా మరి. చిన్నప్పటినుంచీ నాకు సవతితల్లి లేదనే లోటు ఆ మనిషి తీర్చాడు.

ఇక్కడి సంగతి. బడిలో పాఠాలు ఆగిపోయాయి. చరిత్ర పుస్తకంలో మీ ఏలినవారి బొమ్మ మీద కొత్తాయన బొమ్మ అతికించమని ఉత్తర్వు. వారంరోజులుగా బంక డబ్బా, కుంచె పట్టుకుని కూర్చున్నాను. వేళ్ళన్నీ ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. ఆ పేజీ అట్టలాగా తయారైంది, ఎందుకంటే మీ ఏలినవారి బొమ్మ కింద వాళ్ళన్నగారి బొమ్మ ఉంది. ముప్ఫయ్యేళ్ళ కిందట అప్పటి పంతులమ్మ అతికించి ఉంటుంది. రెండో తరగతి పిల్ల ఒకతె మూల గీకి చూసి, "టీచర్, వీళ్ళంతా ఒకళ్ళమీద ఒకళ్ళు ఎందుకు పడుకున్నారు?" అని అడిగింది. నిద్రొచ్చి అన్నాను.

బంక అంటే గుర్తొచ్చింది. నీ కవరు మూత మా బడి బంకలాంటి చిక్కటి బంకతో అతికించి ఉంది, అంచులు దాటి కారింది. నువ్వు ఎప్పుడూ నాలుకతో తడిపి అంటించేవాడివి కదా. చూసుకో.

అసలు మాట ఇది. జూన్ ముప్ఫయ్యో తేదీలోగా తిరిగొచ్చే పనివాళ్ళ జోలికి పోమని కొత్తాయన చాటింపు వేయించాడు. కోట తోటమాలి వచ్చేశాడు, అవే మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు, అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. నువ్వూ వచ్చెయ్. నాకు మూడో నెల. ఇంకా ఎవరికీ చెప్పలేదు, ముందు నీకే చెప్తున్నాను. కనీసం ఈ ఒక్క విషయంలో మీ ఏలినవారి కంటే నేను ముందు రావాలని.

నీ కూతురు


ఏప్రిల్ 6

నన్ను తాతను చేస్తున్న నా తల్లికి,

తాతనవుతున్నాను! ఉత్తరం చదివి మెట్లమీదనే కూలబడ్డాను, పైనుంచి దిగుతున్న బానపొట్ట నా మీద పడబోయి గోడ పట్టుకున్నాడు. "ఏమైందయ్యా, ఎవరైనా పోయారా?" అన్నాడు. "పోవడం కాదోయ్, వస్తున్నారు!" అన్నాను. వాడు ఒక్క గంతులో వంటింట్లోకి పోయి నా నోట్లో ఇంత చక్కెర పోశాడు. వాడికి పిల్లల్లేరు. ఆ చక్కెర తియ్యగానే ఉంది, కానీ నీకు తెలుసు కదా, వాడి చేతిది నాకు సగం తీపే.

ఎందుకంటే విను. మొన్న ఏలినవారు అందరి ముందూ, "వీడి గంజి లేకపోతే ఆ ఓడలోనే పోయేవాణ్ణి" అని తన పాత కోటు తీసి వాడి భుజాన వేశారు. నాకు కళ్ళలో నిప్పులు పడ్డట్టయింది. గంజి కాచడం ఒక విద్యా? నీళ్ళు, గింజలు, పొయ్యి. ఊగే ఓడలో, ఒక్క గాటు పడకుండా గొంతు గీయమను చూద్దాం! పైగా ఆ కోటు వాడికి బొత్తాలు కూడా పడవు. నాకైతే సరిగ్గా సరిపోయేది.

తినిపించే పని నాకివ్వమని అడిగాను. ఏలినవారు "కత్తి నీది, చెంచా వాడిది. ఎవడి పని వాడు చేసుకోండి" అన్నారు. ఆ మాట అంటూ మా ఇద్దరినీ మార్చిమార్చి చూసి ఎందుకో ముసిముసిగా నవ్వారు.

నువ్వు రమ్మన్నావు. వస్తాను, కానీ ఒక్కణ్ణీ పిల్లిలా ఎందుకు రావాలి? రెండు మూడు నెలల్లో ఏలినవారే తిరిగి వస్తారు, నేను పక్కనే నిలబడి వస్తాను, నువ్వు మేడమీంచి చూద్దువుగాని. మా అందరి ప్రయాణపత్రాలూ ఆయనే తన పెట్టెలో పెట్టి, తాళం మెడలో వేసుకున్నారు. ఎంత భద్రంగా చూసుకుంటున్నారో చూడు!

కవరు బంక బాగాలేదన్నావు. నిజమే, ఈ ఊరి సరుకు అంతే. నీకు నచ్చలేదని వేరే కొట్లో గట్టి కవర్లు కొన్నాను. ఈసారి చూసి చెప్పు.

పెళ్ళిరోజు సంగతి ఎత్తావు. ఆ తప్పు నాదే తల్లీ. కానీ పుట్టుమచ్చ ఎడమ మోకాలి కింద, ఆవగింజంత. నాకు తెలుసు.

ఒంటరిగా నవ్వుకుంటున్న
తాత


మే 2

తల్లీ, నీ దగ్గరనుంచి ఉత్తరం లేదు, అయినా ఆగలేక రాస్తున్నాను. చంకలు గుద్దుకునే కబురు!

సోమవారం ఓడలో మన ఊరి పత్రిక వచ్చింది. మొదటి పేజీలో ఏలినవారి బొమ్మ, పక్కన ఇంతింత అక్షరాలు. జుట్టుకు రంగు వేసుకుంటున్నాడనీ, చెయ్యి వణికి చెంచాతో తింటున్నాడనీ, ముసలి పసిబిడ్డ అనీ. ఏలినవారు చదివి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత ఒక్కొక్కళ్ళనే గదిలోకి పిలిచారు. "ఇంట్లో దొంగ ఉన్నాడు. ఎవడురా?"

నా వంతు వచ్చింది. ఏమన్నానో తెలుసా? "అయ్యా, నేను ఎవరి పేరూ చెప్పను. కానీ చెంచా సంగతి చెంచా పట్టుకునేవాడికి తెలిసినంత ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఎంత నేర్పుగా అన్నానో చూడు! కత్తి గొంతు మీదినుంచి జారినట్టు, చుక్క నెత్తురు లేకుండా.

అంతే. బానపొట్టను ఆ మధ్యాహ్నమే పంపేశారు. ప్రయాణపత్రం ఇవ్వలేదు, జీతం లేదు, ఒక్క ట్రంకుపెట్టె. వాడు ఏడవలేదు. గుమ్మంలో ఆగి, "అయ్యగారికి పొద్దున గంజిలో ఉప్పు తక్కువెయ్యండి, కాళ్ళు వాస్తాయి" అన్నాడు. నాతోనే అన్నాడు. ఎంత నటన!

ఇప్పుడు కత్తీ నాదే, చెంచా నాదే. వాడి గది, ఏలినవారి గదికి ఆనుకుని ఉన్నది, నాకిచ్చారు. రోజుకు నాలుగుసార్లు తల్లీ, నాలుగుసార్లు! అయితే గంజి కాచడం అనుకున్నంత తేలిక కాదు. మూడురోజులూ మాడింది.

చెప్పడం మరిచాను, కోటు వాడు వదిలేసి పోయాడు. వేసుకున్నాను. చేతులు కొంచెం పొడుగు.

నాన్న


మే 20

నాన్నా,

నెలరోజులు రాయలేదు. అలిగాను. ఇవాళ అలక లేదు, భయం ఉంది. కూర్చుని చదువు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చదువు.

ఆ పత్రిక నీ కంటే ముందు నేను చూశాను. మీ ఇంటికి వచ్చిన పేజీలో పూర్తిగా ఉందో లేదో, ఇక్కడ చివరి వరస ఇలా ఉంది: "ఎడమ చెవి వెనక చిక్కుడుగింజంత పుట్టుమచ్చ." చిక్కుడుగింజంత, నాన్నా. ఇది ఎవరి మాట? వంటవాడు ఆయన నోరు చూస్తాడు. జుట్టు లోపల చూసేది ఎవరు?

నీ మొదటి ఉత్తరాన్ని దారిలో విప్పి, చదివి, మళ్ళీ అతికించారు. అందుకే ఆ బంక. నేను అది నీకు రాస్తే నువ్వు కొట్టు మార్చావు. గట్టి కవర్లకు కూడా అదే బంక ఉంది, ఇప్పుడు నా ముందు పెట్టుకుని చూస్తున్నాను. నీ నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ ఊరికే అనేది కాదు. నీకు ఒక మనిషి మీద ప్రేమ పుడితే ఊరంతా చాటాలి, కుళ్ళు పుట్టినా ఊరంతా చాటాలి.

నా తప్పూ చెప్తాను. పత్రిక చదివిన రోజే నాకు అర్థమైంది. కానీ వెంటనే రాయలేదు. ఎందుకంటే నాకు సంతోషం వేసింది. వీధిలో అందరూ ఆయన్ని చూసి నవ్వుతుంటే, నా పెళ్ళి భోజనాలు ఇప్పుడు అరిగినట్టనిపించింది. నెలరోజులు ఆ సంతోషాన్ని నములుతూ కూర్చున్నాను. ఈలోగా నువ్వు అక్కడ ఒక మనిషిని వీధిలో పడేశావు. నీ కూతురినే కదా.

నిన్న బానపొట్ట గారి భార్య బడికి వచ్చింది. పిల్లల బల్లమీద ఇరుక్కుని కూర్చుంది. మొగుడి దగ్గరనుంచి ఉత్తరం రాలేదట, జూన్ ముప్ఫైలోగా వస్తాడా అని అడిగింది. నేను నోరు తెరిచే లోపే తనే, "పోన్లెండి, మీ నాన్నగారు పక్కనే ఉన్నారుగా, ఆయన చూసుకుంటారు" అంది. పోతూ పోతూ నా కడుపు చూసి, ఏమీ అడగకుండానే, తన భుజం మీది తువ్వాలు తీసి నా వీపుకు దిండులా మడిచి పెట్టబోయింది. వద్దన్నాను.

ఏం చేస్తావో నాకు తెలియదు. కానీ నువ్వు ఇంటికొచ్చి నా బిడ్డను ఎత్తుకుంటే, వీధి చివర ఆవిడ నిలబడి చూస్తుంటే, నేను ఎటు చూడాలి?

నీ కూతురు


జూన్ 17

నా తల్లికి, ఈ ఉత్తరం నీ చేతికి ఇచ్చే మనిషికి ముందు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, తర్వాత చదువు. అవును, అతనే. పొట్ట కాస్త తగ్గింది, నా వల్లనే.

నీ ఉత్తరం వచ్చాక రెండురోజులు దాన్ని జేబులో పెట్టుకునే ఏలినవారికి గడ్డం గీశాను. మూడో రోజు పొద్దున నురగ పట్టించి, ఎడమ బుగ్గ గీసి, కుడి బుగ్గ మొదలుపెట్టబోతూ చెప్పేశాను. "అయ్యా, దొంగ నేనే. నా కూతురికి రాసిన ఉత్తరం దారిలో చదివారు. వంటవాడు నిర్దోషి." కత్తి నా చేతిలోనే ఉంది. నా తల తీయించినా సరే, ముందు ఆ కుడి బుగ్గ పూర్తి చెయ్యనివ్వాలని ఎందుకో మనసులో అనుకున్నాను.

ఏలినవారు పుస్తకం మీదినుంచి కళ్ళు ఎత్తలేదు. "తెలుసు" అన్నారు.

"తెలుసా?"

"పుట్టుమచ్చ సంగతి వాడికెలా తెలుస్తుందిరా? పేపరు చదివిన రోజే తెలుసు."

"మరి వాణ్ణెందుకు పంపారయ్యా?"

అప్పుడు పేజీ తిప్పారు. "వాడికి నా మీద జాలి పుట్టింది. చెంచా పెట్టేటప్పుడు కళ్ళలో నీళ్ళు. జాలిపడేవాణ్ణి దగ్గర ఉంచుకోకూడదు. మా అన్న నా మీద జాలిపడేవాడు, అందుకే సాగనంపాను. నీకు ఉన్నది కుళ్ళు. కుళ్ళుకునేవాడు ఎక్కడికీ పోడు, కట్టెయ్యక్కర్లేదు. ముప్ఫయ్యేళ్ళు కోట నడిపింది సైన్యంతో అనుకున్నావా? ఇలాగే నడిపాను."

తల్లీ, ఆ దొంతరలోని పుస్తకాలన్నీ ఒక్కసారి నా మీద కూలినట్టయింది. కోటు ఎందుకు వాడి భుజాన వేశారో, నన్ను చూసి ఎందుకు నవ్వారో, నా మణికట్టు పట్టుకుని ఆ మొదటి మాట ఎందుకన్నారో, అన్నీ వరసగా అర్థమయ్యాయి. నేను దాన్ని ప్రేమ అనుకుని నీకు పేరాలు పేరాలు రాశాను.

కుడి బుగ్గ గీశాను. గాటు పడలేదు. తువ్వాలుతో తుడిచి, "అయ్యా, అతని ప్రయాణపత్రం ఇప్పించండి" అన్నాను.

ఏలినవారికి సరదా పుట్టింది. మెడలో తాళం తీసి, పెట్టె తెరిచి, రెండు పత్రాలు మోకాళ్ళమీద పెట్టుకున్నారు. "నీదొకటి, వాడిదొకటి. ఒక్కటే ఇస్తాను. ఏది కావాలో తీసుకో."

నీ దగ్గర దాచను. చెయ్యి ముందు నా పత్రం మీదికే పోయింది. నీ కడుపు కళ్ళ ముందు కనపడింది, నువ్వు పుట్టినప్పుడు నిన్ను ఎత్తుకున్న బరువు ఈ ముంజేతుల్లో తెలిసింది. కానీ దాని వెనకే, పిల్లల బల్లమీద ఇరుక్కుని కూర్చున్న ఆవిడ కనపడింది. వాడిది తీసుకున్నాను.

ఏలినవారి నవ్వు ఆగిపోయింది. మెడచుట్టూ కట్టిన గుడ్డ తనే విప్పుకున్నారు. "నీకూ పట్టుకుందిరా ఆ జబ్బు. రేపటినుంచి రావద్దు" అన్నారు. ముప్ఫయ్యొక్కేళ్ళలో నన్ను చూసి ఆయన కుర్చీ వెనక్కి జరుపుకోవడం అదే మొదలు.

రేవులో నాలుగురోజులు వెతికితే, మూటలు మోసేవాళ్ళకు వంట చేస్తూ దొరికాడు. నన్ను చూసి గరిటె ఎత్తాడు. కొట్టు అన్నాను. కొట్టాడు. రెండు. తర్వాత పత్రం చూసి గరిటె కింద పెట్టాడు. "మరి నీదేదయ్యా?" అని అడిగాడు. నేను వాడి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను. అదృష్టం కొద్దీ ఉల్లిపాయలు కాబట్టి సరిపోయింది.

ఓడ రేపు పొద్దున. ఇరవై తొమ్మిదికి చేరతాడు, గడువుకు ఒకరోజు ముందు. నేను ఈ గడువుకు రాలేను. కాగితం లేని మనిషిని ఏ ఓడా ఎక్కించుకోదు. ఇంకో చాటింపు ఎప్పుడైనా వేస్తారేమో, నాకు ఏదైనా దారి దొరుకుతుందేమో, తెలియదు తల్లీ. నీకు తియ్యటి అబద్ధం రాయను. వాడు వంట చేసిన పాకలోనే ఒక మూల కుర్చీ వేసుకున్నాను. కూలీలు, ఓడవాళ్ళు వస్తున్నారు. గొంతు నా చేతికి అప్పగించి గురకపెట్టి నిద్రపోతారు. ఇంతమందికి నా మీద ఇంత నమ్మకమా అని నాకే పట్టరాని ఆనందంగా ఉంది, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుని గీస్తున్నాను.

వాళ్ళావిడకు మొగుడొచ్చాడు, నాకు నాన్న రాలేదని నువ్వు కుళ్ళుకుంటావు. కుళ్ళుకో, నీకు హక్కుంది. కానీ ఆవిడ దిండు పెడితే ఈసారి వద్దనకు.

నా సంగతి చెప్పనా? రేపు ఓడ ఎక్కబోయే ఆ బానపొట్ట నా పక్కన కూర్చుని ఇప్పుడే చేతులు ఊపి చూపిస్తున్నాడు, నీ బిడ్డను ఎలా ఎత్తుకోవాలో, తల కింద చెయ్యి ఎలా పెట్టాలో. పిల్లల్లేని వాడు, నాకు నేర్పుతున్నాడు! నా మనవడినో మనవరాలినో నాకంటే ముందు వాడు ఎత్తుకుంటాడు. కడుపు భగ్గుమంటోంది తల్లీ. అయినా ఎత్తుకోనివ్వు. చాలాసేపు ఎత్తుకోనివ్వు.

నాన్న